నోటికి ఒక్కపొద్దు

కనకవ్వ చాటలోంచి గోవర్ధన్ తీసింది ఒక పిడికెడు కాదు, రెండు పిడికిళ్లు. రెండోసారి చెయ్యి పెట్టినప్పుడు అతను బీడీల వైపు చూడనే లేదు. ఆమె మొహంలోకి చూశాడు, ఎప్పుడు పేలుతుందా అని.

ఆమె వెనక వరసలో పదిమంది ఆడవాళ్లు చాటలు నడుముకు ఆనించుకుని నిలబడ్డారు. వాళ్లూ దానికోసమే చూస్తున్నారు. కోరుట్లలో ఆ బీడీల కార్ఖానా అంటే రేకుల కప్పు కింద ఒక పొడుగాటి గది, తునికాకు మూటలు, తంబాకు డబ్బాలు, గోడవార ఒక బల్ల, బల్ల వెనక గోవర్ధన్ కుర్చీ. గోవర్ధన్ టేకేదారు. కంపెనీ పంపిన ఆకూ తంబాకూ ఆడవాళ్లకు పంచేదీ, వాళ్లు ఇళ్లల్లో చుట్టి తెచ్చిన బీడీలు చూసి తీసుకునేదీ, పనికిరావని తీసిపారేసేదీ అతనే. ఆ గదిలో వినోదం మాత్రం ఇన్నేళ్లుగా కనకవ్వదే. చాట ఎత్తి నేలకేసి కొట్టేది. గోవర్ధన్ ఏడు తరాల వాళ్లనూ వరసపెట్టి పిలిచేది. చుట్టిన వెయ్యి బీడీలూ అక్కడే వదిలి, కొంగు దులిపి వెళ్లిపోయేది. మూడు రోజులు ఇటు తొంగిచూసేది కాదు. ఆ వెయ్యి బీడీలూ ఎవరికి దక్కాయో నాలుగో రోజున తట్టేది. తట్టినా మళ్లీ అదే చేసేది. చేత్తో చుట్టింది నోటితో పోగొట్టుకోవడంలో ఆమెను మించినవాళ్లు ఆ ఊళ్లో లేరు.

ఆ శనివారం ఆమె పెదవులు బిగించి నిలబడింది.

"అయ్యిందా సేటూ?" అంది.

"అయ్యింది. అన్ని లూజ్ చేసినవ్. ఇవి పనికిరావు."

రెండు పిడికిళ్ల బీడీలనూ అతను కుర్చీ వెనకున్న గోనెసంచిలోకి విసిరాడు. ఉన్నవి ఉన్నట్టే విసిరాడు, విరవకుండా. అసలు సంగతంతా అక్కడే ఉంది. పాత టేకేదారు పనికిరాని బీడీని చుట్టిన మనిషి కళ్ల ముందే రెండు ముక్కలు చేసేవాడు. విరిచిన బీడీ ఎవరికీ అక్కరకు రాదు కాబట్టి ఊరికే తీయాలన్న ఆశ ఆయనకు లేదు. గోవర్ధన్ వచ్చాక ఆ విరవడం ఆగిపోయింది. గోనెలో పడ్డవి సాయంత్రానికి కట్టలుగా లేస్తాయనీ, అతని ఇంటివాళ్లు చుట్టినట్టుగా కంపెనీకి పోతాయనీ గదిలో అందరికీ తెలుసు. అడిగింది కనకవ్వ ఒక్కతే. కానీ తిడుతూ అడిగింది. ఆ తిట్లు అందరికీ నోటికి వచ్చు, అడిగిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

చాట తీసుకుని బయటికి వస్తుంటే అజీజాబీ వెనకే వచ్చి కలిసింది. ఇద్దరిదీ ఒకటే గల్లీ, ఇరవై ఏళ్లుగా పక్కపక్కనే కూర్చుని ఆకు కత్తిరించిన వాళ్లు.

"ఏందక్కా, పానం మంచిగున్నదా? ఒక్క మాటన్న అనకపోతివి."

"ఒక్కపొద్దున్న."

"ఒక్కపొద్దు నాది గదా," అంది అజీజాబీ. ఆమెకు రంజాన్ రోజాలు నడుస్తున్నాయి. కనకవ్వ సంఘంలో ఈస్టర్ ముందరి నలభై రోజుల ఉపవాసాలు కూడా ఆ ఏడు ఒకేసారి వచ్చాయి.

"నీది కడుపుకు ఒక్కపొద్దు. నాది నోటికి. మా సంఘంల కొందరు కూర ఇడిశిన్రు, కొందరు చాయ్ ఇడిశిన్రు. నేను తిట్టుడు ఇడిశిన. ఇయ్యాలటికి పదకొండు రోజులు."

అజీజాబీ నడుస్తున్నదల్లా ఆగి నవ్వింది. "నాదే అల్కగున్నది అక్కా. నాకు పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయితె తినచ్చు. నువ్వెప్పుడు తిడుతవ్?"

కనకవ్వకూ నవ్వొచ్చింది. కానీ ఇల్లు చేరేదాకా ఆ రెండు పిడికిళ్ల బీడీలనే లెక్కపెట్టుకుంది.

*

ఆదివారం ఆరాధన అయ్యాక కనకవ్వ పాస్టర్ దేవయ్యను ఆపింది. ఆయన వారమంతా జగిత్యాల రోడ్డు మీద సైకిళ్లు బాగుచేస్తాడు. తెల్ల చొక్కా తొడిగినా గోళ్లలో గ్రీజు పోదు. సంక్రాంతి వెళ్లాక కాలువ నీళ్లలో ఆమెకు బాప్తిస్మం ఇచ్చినవాడు ఆయనే.

గోవర్ధన్ దగ్గర తన సంతకంతో ఉన్న కాగితం గురించి ఆమె ఆయనకు చెప్పింది. దసరా ముందటి లొల్లి తర్వాత రాయించుకున్నాడు. కార్ఖానాలో ఇంకోసారి గొడవ చేస్తే నా కార్డు తీసేయొచ్చు అని ఉంది దాంట్లో. రోజువారీ లెక్కకు టేకేదారు సంతకం పడే ఆ కార్డే ఆమె పనికి ఆధారం, కంపెనీ కొత్తవి ఇవ్వడం లేదు. ఆమెది పోతే పాతికేళ్ల పీఎఫ్ చిక్కుల్లో పడుతుంది, రేపటి పింఛను ఎగిరిపోతుంది. ఆ కార్డు ఖాళీ అయితే ఆ చోట చేరదామని గోవర్ధన్ మరదలు నర్సక్క రెండేళ్లుగా కాచుకుని ఉంది.

"వాడు నన్ను కావాల్నని గెలుకుతుండు అయ్యా. నేను నోరు జారాలె, వాడు కార్డు తియ్యాలె."

"ఓర్సుకో అమ్మా," అన్నాడు దేవయ్య. "తీర్పు దగ్గర నిలబెట్టినప్పుడు ప్రభువు నోరు తెరువలే. మనం గూడ గట్లనే."

ఓర్చుకుందామనే ఇంటికి వచ్చింది. వంటింట్లో భర్త లింగన్న కోడికూర మీద మూత తీసి వాసన చూస్తున్నాడు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పని అతనికి, పదిహేను రోజులకోసారి వస్తాడు. మంగళవారం కొండగట్టు అంజన్నకు ఒక్కపొద్దుంటాడు, మిగతా రోజులు దేవుళ్ల జోలికి పోడు.

"ఏమే, అజీజాబీ చెప్పింది. వాడు రెండు పిడికిళ్లు తీస్తె సూసుకుంట నిలబడ్డవట. మీ దేవుడు నీ నోరు కుట్టిండా?"

అతను మోటుసరసానికే అన్నాడు. కానీ శనివారం నుంచి గొంతులో ఆపి ఉంచిందంతా ఒక్కసారి తోసుకొచ్చింది. చేతిలోని చెంబు గోడకు తగిలి సొట్టపోయింది. చెంబుతో పాటు వెళ్లిన తిట్టు లింగన్న తల్లిని తాకింది.

గదిలో చదువుకుంటున్న కూతురు సుస్మిత గడప దగ్గరికి వచ్చి నిలబడింది. జగిత్యాలలో నర్సింగ్ రెండో ఏడు చదువుతుంది. తల్లి ఏం చేస్తుందో చూద్దామన్నట్టు నిలబడింది.

కనకవ్వ తడిగుడ్డ తీసుకుని తలుపు వెనక్కి వెళ్లింది. అక్కడ తిట్టకుండా గడిపిన రోజుకొకటిగా సుద్దముక్కతో గీసిన పన్నెండు గీతలున్నాయి. అన్నీ తుడిచేసింది.

"ఒక్క మాటకే అన్ని తుడుస్తవా?" లింగన్న నిజంగానే నొచ్చుకున్నాడు, తల్లిని అన్నందుకు కాదు. "ఇంట్లనే అంటివి గదనే. ఎవలు సూసిన్రు?"

"నేను సూసిన."

ఆమెకు ఏడుపొచ్చింది. సిగ్గేసింది కూడా. యాభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, నాలుక మీద అదుపు లేక చిన్నపిల్లలా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. కళ్లు తుడుచుకుని చాట ముందు కూర్చుంది. రోజూ చేసే ప్రార్థన చేసింది. ప్రార్థనంటే పెద్ద మాటలేం లేవు, ప్రభువా, ఈ కట్ట అయ్యేదాకా నన్ను పట్టుకో అనడమే. తడిబట్టలో నానిన ఆకు తీసి, రేకు ముక్క పెట్టి కొలతకు కత్తిరించింది. చిటికెడు తంబాకు పరిచి వేళ్ల మధ్య దొర్లించింది. మూతి మడిచి దారం చుట్టి తెంపింది. ఇరవై ఐదు అయ్యాక కట్ట కట్టి, మళ్లీ అదే ప్రార్థన చేసింది. మనసు ఎగిరినప్పుడల్లా దాన్ని బీడీ పొడుగంత చిన్న పనికి కట్టేయడం ఆమె తనకు తాను నేర్పుకున్న ఉపాయం. దేవయ్య చెప్పింది కాదది.

*

సోమవారం గోవర్ధన్ మూడు పిడికిళ్లు తీశాడు. కనకవ్వ నోరు తెరవలేదు. మంగళవారం ఆమెవి మూడు తీసి, ఆ ఊపులో అజీజాబీవి రెండు తీశాడు. అదీ కొత్త. కనకవ్వ అరిచే రోజుల్లో మిగతావాళ్ల చాటల మీద అతని చెయ్యి కొంచెం భయంగానే పడేది. ఇప్పుడు ఆ భయమూ పోయింది.

"ఎందుకు గట్ల సూస్తవ్ కనకవ్వా?" అన్నాడు గోనె వైపు విసురుతూ. "ఒక చెంప కొడితె ఇంకోటి సూపియ్యమన్నడట గదా మీ దేవుడు. సూపియ్యి మరి." తన మాటకు తనే నవ్వాడు. వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వకపోతే రేపు వాళ్ల చాటల్లోంచి పోతాయి.

ఇంటికి పోతూ గల్లీ మలుపులో అజీజాబీ ఆగి అంది, "అక్కా, మా దాంట్ల గూడ సబర్ అంటరు. ఓపిక. కని సబర్ అంటె దొంగకు తలుపు తీసుడు గాదు. నీ ఒక్కపొద్దు వానికి ఇఫ్తార్ అయితున్నది."

కనకవ్వకు ఆ మాట ముల్లులా దిగింది. తిడితే వాడికే లాభం, ఊరుకున్నా వాడికే లాభం. ఇక తను మారి ఏం లాభం, ఎవరికి లాభం? ఆ రోజంతా దేవుడి మీద కూడా కోపంగానే ఉంది. దాచుకోలేదు, ఆయనకే చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం ఉపవాస కూడిక. రేకుల షెడ్డులో చాపల మీద ఇరవై మంది కూర్చున్నారు. దేవయ్య కళ్లద్దాలు దుకాణంలో మరిచిపోయి వచ్చాడు. కాలేజీకి సెలవై తల్లితో వచ్చిన సుస్మితను చదవమన్నాడు. ప్రభువును రాత్రిపూట పట్టుకుపోయి ప్రధాన యాజకుడి ముందు నిలబెట్టిన భాగం అది. సుస్మిత చదువుకుంటూ పోయింది. దగ్గర నిలబడ్డ బంట్రోతు ఒకడు ఆయనను చెంప మీద కొట్టాడు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేమిటో చూపించు, సరిగ్గా మాట్లాడితే ఎందుకు కొట్టావు అని ఆయన అడిగాడు.

"ఆగు బిడ్డా," అంది కనకవ్వ. "మల్ల సదువు."

సుస్మిత మళ్లీ చదివింది. కూడికలో మధ్యలో మాట్లాడటం అలవాటు లేదు, చాపల మీదివాళ్లు తిరిగి చూశారు. కనకవ్వ లెక్కచేయలేదు.

"అయ్యా, గప్పుడు ఇంకో చెంప సూపియ్యలేదా?"

దేవయ్య పుస్తకం తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. గ్రీజు వేలితో వాక్యం వెంట నడిచాడు. "లేదమ్మా. అడిగిండు."

"తిట్టిండా?"

"తిట్టలే."

"మరి ఊకున్నడా?"

దేవయ్య పుస్తకం మూశాడు. "ఊకోలే," అన్నాడు. "నేను మొన్న నీకు సగమే చెప్పిన్నమ్మా. ఊకున్న జాగ గూడ ఉన్నది, అడిగిన జాగ గూడ ఉన్నది. అడిగింది నాకు యాదికి రాలే."

అందరి ముందూ అలా ఒప్పుకున్నందుకు ఆ ముసలాయన మీద కనకవ్వకు గౌరవం పెరిగింది. ఇంటికి నడుస్తూ ఆ అడిగిన మాటనే నాలుక మీద తిప్పుకుంది. తప్పుంటే చూపించు. ఇన్నేళ్లూ తనకు తెలిసినవి రెండే దార్లు, నోటికొచ్చింది అనడం, నోరు మూసుకోవడం. రెండు దార్లూ వెళ్లి గోవర్ధన్ గోనెలోనే పడ్డాయి.

*

గురువారం వరసలో ఆమె మూడోది. గోవర్ధన్ చాటలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు. గోనె వైపు ఊపబోతుంటే ఆమె బల్ల మీద అరచెయ్యి పెట్టింది.

"సేటూ, ఈడ పెట్టు. తప్పుంటె సూపియ్యి."

"ఏంది?"

"లూజ్ అంటున్నవ్ గద. ఏది లూజో సూపియ్యి."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి దారి తెలిసేది. ఏం చేయాలో తోచక అతను పిడికెడు బీడీలనూ బల్ల మీద పోశాడు. ఒకటి తీసి బొటనవేలితో నొక్కాడు. బీడీ నొక్కుకుపోలేదు. ఇంకోటి నొక్కాడు, అదీ గట్టిగానే ఉంది. వరస ముందుకు జరిగింది, అందరూ మెడలు చాచారు.

"పొట్టిగున్నయ్," అన్నాడు.

ఆమె తన చాటలోంచి కొలత రేకు తీసి బీడీ పక్కన పెట్టింది. సరిగ్గా ఉంది. "పొట్టి లేవు సేటూ. ఇంకేం తప్పో సెప్పు."

గోవర్ధన్ కుర్చీలో వెనక్కి జారబడ్డాడు. ఆమెను ఎక్కడ ముట్టుకుంటే అంటుకుంటుందో అతనికి ఏళ్లుగా తెలుసు.

"నువ్వు నాకు లెక్క సెప్పుతవా? ముందు నీ ఇంట్ల లెక్క సూసుకో. రోజూ జగిత్యాల బస్సెక్కుతది నీ బిడ్డ. సదువుకే పోతదా, ఇంకెటన్న పోతదా?"

కనకవ్వ ముప్పై ఏళ్లుగా పదును పెట్టిన మాటలు ఒక్కొక్కటే వచ్చి నాలుక కింద నిలబడ్డాయి. ఒక్కటి వదిలితే చాలు, వాడు మళ్లీ జన్మలో ఆ మాట ఎత్తడు. చెయ్యి చాట అంచును పట్టుకుంది. అజీజాబీ వెనక నుంచి "అక్కా" అంది మెల్లగా.

ఆమె కళ్లు మూసుకుంది. ప్రభువా, ఈ ఒక్క కట్ట, అంది లోపల. చాట అంచు వదిలి, బల్ల మీది బీడీ ఒకటి తీసింది. తంబాకు నిండుగా, దారం బిగువుగా ఉంది. చక్కగా చుట్టిన బీడీ. దాన్ని రెండు ముక్కలుగా విరిచింది.

"నా బిడ్డ సంగతి నా బిడ్డనే అడుగు, ఆమెకు నోరున్నది. ఇది నువ్వు పనికిరాదన్న బీడీ గదా, అందుకే విరుస్తున్న," అంది. ఇంకోటి తీసి విరిచింది. మూడోది విరిచింది. తంబాకు బల్ల మీద రాలింది. చేతుల వణుకు ఆగలేదు కానీ ఆపకుండా విరిచింది. తన కష్టాన్ని తనే తుంచుకుంటుంటే ఏడుపు తన్నుకొచ్చింది. అయినా ఈసారి అది ఎవరికీ దక్కదు.

"ఏయ్, ఎందుకు ఇరుస్తున్నవ్? ఆపు," గోవర్ధన్ లేచాడు. "ఆపు అంటున్న."

"పనికిరాని వాటికి గంత బాధెందుకు సేటూ?" అజీజాబీ అడిగింది. ముందుకొచ్చి తన చాట బల్ల మీద పెట్టింది. "మొన్న నావి రెండు పిడికిళ్లు పనికిరావంటివి. అవి గూడ ఇయ్యి, విరుస్త."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు భయంతో వచ్చింది కాదు. గోవర్ధన్ మొహం నల్లబడింది. కనకవ్వ చాటను రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. బీడీలు గది నిండా దొర్లాయి. ఆ వెంటనే అతని నోటి నుంచి ఒక మాట వచ్చింది. ఆ మాట విని వరసలోని ఒక పెద్దావిడ చెవుల మీద కొంగు కప్పుకుంది.

తను ఏం చేశాడో అతనికే ముందు తట్టినట్టుంది. సర్దుకుని, "నీ కాగితం నా కాడ్నే ఉన్నది. కార్డు కట్," అన్నాడు.

"తియ్యి కాగితం," అంది కనకవ్వ. "లొల్లి జేస్తె అని గదా రాయించుకున్నవ్. ఇయ్యాల చాట ఎవలు కొట్టిన్రో, ఎవలు తిట్టిన్రో దాని కిందనే రాయి. గీ పదిమంది సంతకం పెడుతరు. కంపెనీకి నేనే తీస్కపోయి ఇస్త."

"నా పేరు ముందు," అంది అజీజాబీ. చెవుల మీద కొంగు కప్పుకున్న పెద్దావిడ, "నాకు సంతకం రాదు, ఏలు పెడుత," అంది. మిగతావాళ్లు ఎవరూ వరస వదల్లేదు.

పాత కనకవ్వ అయితే ఇక్కడే కొంగు దులిపి వెళ్లిపోయేది. మాటల్లో గెలిచిన రోజుల్లో కూడా అలాగే వెళ్లిపోయింది, అందుకే ఎప్పుడూ గెలవలేదు. ఇవాళ ఆమె గొంతుక్కూర్చుంది. బల్ల కిందికీ, డబ్బాల మధ్యకూ, గోవర్ధన్ చెప్పుల పక్కకూ చెయ్యి చాచి ఒక్కో బీడీనీ ఏరింది. దుమ్ము ఊది, నలిగినవి తనే పక్కన పెట్టి, మంచివి మళ్లీ కట్టలు కట్టింది. చాలాసేపు పట్టింది. వరస ఆమెను చుట్టుకుని ముందుకు నడిచింది. అందరిదీ అయ్యాక చాట తీసుకుని చివర నిలబడింది.

గోవర్ధన్ చాటలో చెయ్యి పెట్టలేదు. ఉన్నవి ఉన్నట్టు తీసుకున్నాడు. ఆమె మొహం మాత్రం చూడలేదు.

*

గొడవ అయిన మర్నాడు కనకవ్వ కార్ఖానాకు రావడం ఆ గదికి కొత్త. శుక్రవారం పొద్దున వేళకే వచ్చింది. ముందు నిలబడింది. రాత్రంతా అవే ప్రశ్నలు. కంపెనీకి ఫోన్ చేసి ఉంటాడా, నర్సక్కను పిలిపించి ఉంటాడా, కార్డు ఇప్పటికే పోయిందా. అయినా వచ్చింది.

గోవర్ధన్ చేతిలో ఆమె కార్డు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి పైన పెన్ను పెట్టాడు, సంతకం చేయలేదు. కాగితం మాట ఎత్తలేదు. చాటలో చెయ్యి పెట్టి ఈసారి ఒక్కొక్కటే తీసి నొక్కసాగాడు. మారిన మనిషిలా ఏం లేడు, దొరికితే వదలనన్నట్టే ఉన్నాడు. కట్ట తర్వాత కట్ట చూశాడు. ఒకచోట ఆగాడు. ఒకటి నొక్కాడు, పక్కదీ నొక్కాడు, దాని పక్కదీ నొక్కాడు. మూడింటినీ ఆమె మొహం ముందుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇవేంది?"

గోవర్ధన్ ఆ మూడింటినీ ఒక్కొక్కటే విరిచి, ముక్కలను బల్ల మీద ఆమె వైపు వేశాడు. కావాలనే చప్పుడయ్యేలా విరిచాడు.

కనకవ్వ ముక్కలు చేతిలోకి తీసుకుని చూసింది. నిన్న సాయంత్రం చేతుల వణుకు తగ్గకముందు చుట్టినవి అవి. తంబాకు సగమే పడింది. కట్ట కట్టేటప్పుడే ఆమెకు తెలుసు, ఇన్ని కట్టల్లో ఎవరు చూస్తారులే అని కట్టేసింది.

"లూజే సేటూ," అంది. "నాదే తప్పు. రేపు మూడు ఎక్కువ తెస్త."

గోవర్ధన్ ఆమె ఇంకేదో అంటుందని కాసేపు చూశాడు. ఆమె కార్డు కోసం చెయ్యి చాచింది. అతను పెన్ను తీసుకుని కార్డు మీద ఆ రోజు తేదీకి ఎదురుగా సంతకం పెట్టి ఇచ్చాడు. తర్వాతిది అజీజాబీ చాట.